బాబు సాయానికి చాక్లెట్ ఇవ్వాలా?

అక్కా, ఏడాదిన్నర బాబు ఆరేసే బట్టలు ఒక్కొక్కటీ అందిస్తున్నాడనీ, అలవాటు పోకుండా చాక్లెట్ ఇవ్వనా అనీ అడిగారు. ఇవ్వకండి.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో వార్నెకెన్, టొమాసెల్లో అనే పరిశోధకులు సరిగ్గా ఈ వయసు పిల్లల్నే చూశారు. 2006లో వచ్చిన పరిశోధన అది. బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాపేవారు. పిల్లల్లో ఎక్కువమంది ఒకసారైనా లేచి వెళ్లి సాయం చేశారు. బహుమతి లేదు, మెచ్చుకోలూ లేదు. తర్వాత 2008లో 20 నెలల పిల్లలకి సాయం చేసినప్పుడల్లా బహుమతి ఇచ్చి చూశారు. అది ఆపేశాక, ఏమీ తీసుకోని పిల్లలకంటే వీళ్ల సాయమే తగ్గింది!

మా పాప కూడా తడి టవల్‌ని మట్టిలో ఈడ్చుకుంటూ తెచ్చి, గర్వంగా నా ముఖం వంక చూసేది. మళ్లీ ఉతుక్కోవాల్సి వచ్చేది, నిజమే.

'ఇంత చేసినా మా ఆయన థాంక్స్ కూడా చెప్పరు' అని కూడా రాశారు. నేనూ అలా లెక్కలు రాసుకున్నదాన్నే. పాప మాత్రం ఒక్కసారీ రాసుకోలేదు.

వాడికి అందేటంత ఎత్తులో చిన్న తాడు కట్టి, చేతిరుమాళ్లు వాడికే వదిలేయండి.