ఊరించి వదిలేయకు

చి. రఘుకి,

పిన్ని ఆశీస్సులు. నీ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. కాదని చెప్పలేక నలిగిపోయేవాళ్ల గురించి తెలుగులో ఇంత సూటిగా, ఇంత దయగా రాసిన పుస్తకం నా చేతికి ఇంతవరకూ రాలేదు. ఆ తర్వాత నువ్వు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టులు చూశాను. "ఈ ఒక్క మాట నేర్చుకుంటే మీ జీవితమే మారిపోతుంది! ఆ మాట ఏంటో తెలుసా? లింక్ బయోలో." పుస్తకం రాసిన చెయ్యే ఇదీ రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ ఊళ్లో ప్రకటనలకు తెలుగు రాసినదాన్ని కాబట్టి, నీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పగలనని నా నమ్మకం.

కుతూహలం రేపి పుస్తకం అమ్మాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ పోస్టులో తప్పు ఎక్కడుందంటే, అది చదివినవాళ్లకు కుతూహలమే పుట్టదు. జార్జ్ లోవెన్‌స్టీన్ అనే అమెరికా ఆచార్యుడు 1994లో కుతూహలం గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. మనకు తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడు మనసు ఊరుకోదని ఆయన చెప్పిన మాట. ఆ ఖాళీ కనిపించాలంటే ముందు కొంత తెలిసుండాలి కదా. 2009లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రశ్నలిచ్చి పరీక్షించినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది. జవాబు బొత్తిగా తెలియనివాళ్లకూ, కచ్చితంగా తెలుసనుకున్నవాళ్లకూ ఆసక్తి తక్కువగా ఉంది. తెలిసీ తెలియనట్టున్న చోట ఎక్కువగా ఉంది. నీ "ఒక్క మాట" గురించి చదివేవాళ్లకు ఏమీ తెలియదు, అందుకని వేలు ఆగదు, పైకి జరిపేస్తారు.

నీ మూడో అధ్యాయమే తీసుకో. బావమరిది బ్యాంకు లోనుకి ష్యూరిటీ సంతకం అడిగిన ఘట్టం. మన ఇళ్లల్లో ఇది జరగని ఇల్లు ఉందా? దాన్ని పోస్టుగా రాస్తే నేనైతే ఇలా మొదలుపెడతాను: "బావమరిది లోనుకి ష్యూరిటీ సంతకం అడిగాడు. 'ఊరికే ఫార్మాలిటీ' అన్నాడు. అతను కట్టకపోతే బ్యాంకు ముందు ఎవరి దగ్గరికి వస్తుంది?" ఈ ప్రశ్న చదివినవాడు ఆగుతాడు. ఎందుకంటే సగం జవాబు అతని దగ్గరే ఉంది. ముందు బావమరిదినే పట్టుకుంటారులే అనుకుంటూ ఉంటాడు, కానీ గట్టిగా చెప్పలేడు.

ఇక్కడ చాలామంది "జవాబు కోసం పుస్తకం కొనండి" అని ఆపేస్తారు. నువ్వు ఆపకు. జవాబు అక్కడే చెప్పేయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, సంతకం పెట్టినవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బ్యాంకు ముందు బావమరిది వెంట పడి, అది కుదరకే నీ దగ్గరికి రావాలని లేదు. నేరుగా నిన్నే అడగొచ్చు. ఆ లోను నీ క్రెడిట్ రిపోర్టులో కూడా కనిపిస్తుంది, రేపు నువ్వు ఇంటి లోనుకి వెళ్తే దాన్నీ లెక్కలో వేస్తారు. ఇంత వివరంగా చెప్పాక చదివినవాడికి అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది: "సరే, సంతకం పెట్టకూడదని తెలిసింది. ఆ మాట అత్తగారింట్లో ఎలా చెప్పాలి?" నీ పుస్తకం ఉన్నదే ఆ ప్రశ్న కోసం. అప్పుడు ఒక్క లైను చాలు, మూడో అధ్యాయం ఈ సంభాషణ గురించేనని. మొదటి జవాబు ఉచితంగా దొరికింది కాబట్టి రెండోదానికి డబ్బు పెట్టడానికి అతనికి అభ్యంతరం ఉండదు.

మొదటి లైనులో ప్రశ్న వేశావంటే చదివేవాళ్ల దగ్గర చేబదులు తీసుకున్నట్టే. ఆ పోస్టు ముగిసేలోపు తీర్చేయాలి. తీర్చినవాడికే మళ్లీ పుడుతుంది.

మేం చిన్నప్పుడు చందమామ కోసం నెలంతా ఎదురు చూసేవాళ్లం. 1947లో ఈ మద్రాసులోనే మొదలైన పత్రిక అది. అందులో బేతాళ కథ ఎలా నడిచేదో గుర్తుచేసుకో. బేతాళుడు కథంతా చెప్పి, ఏమీ దాచకుండా అన్నీ ముందు పెట్టి, అప్పుడు ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు ఆ పేజీలోనే జవాబు చెప్తాడు. వచ్చే నెల దాకా ఆగమని ఏనాడూ అనలేదు. అయినా శవం మళ్లీ చెట్టెక్కేది, మేం మళ్లీ ఎదురు చూసేవాళ్లం. అసలు బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక కూడా అదే పద్ధతిలో కొత్త కథలు దశాబ్దాల పాటు నడిచాయి. ఏ నెల కథ ఆ నెలకు తృప్తిగా ముగుస్తుందన్న నమ్మకం ఉండబట్టే పిల్లలు పత్రికను వదల్లేదని నేననుకుంటాను. నీ పోస్టులు వరుసగా చదివేవాళ్లకు కూడా ఆ నమ్మకం కలగాలి.

ఊరించి వదిలేసేవాళ్లతో జనం ఎంత విసిగిపోయారో నీకు చెప్పక్కర్లేదు. యూట్యూబ్ తెరిస్తే "తెలిస్తే షాక్ అవుతారు" అన్న థంబ్‌నెయిళ్లే. లోపల పావుగంట వీడియోలో రెండు ముక్కలు కూడా ఉండవు. ఫేస్‌బుక్ వాళ్లు 2016లోనే విషయం దాచిపెట్టి క్లిక్ చేయించుకునే శీర్షికలను కిందికి తోస్తామని ప్రకటించారు. 2017 డిసెంబరులో "ట్యాగ్ చెయ్యండి, షేర్ చెయ్యండి" అని అడుక్కునే పోస్టులకూ అదే గతి పట్టించారు. నీ రెండో పోస్టులో "కాదనలేని మీ ఫ్రెండ్‌ని ట్యాగ్ చేయండి" అని ఉంది చూడు, దాన్ని తీసేయి. పోస్టు ఎంతమందికి చేరుతుందన్న సంగతి పక్కన పెట్టు. ఒక మనిషి బలహీనతను పదిమందిలో వేలెత్తి చూపించమని అడగడం నీ పుస్తకానికి తగదు.

ఈ మాట ఇంకొంచెం చెప్పాలి. నవల కొనేవాడు సరదాకి కొంటాడు. నీ పుస్తకం కొనేవాడు ఎక్కడో దెబ్బ తగిలి కొంటాడు. రాత్రి పదకొండింటికి, మేనేజర్‌కి మళ్లీ సరేనన్నందుకు తనని తాను తిట్టుకుంటూ ఫోన్ చూస్తున్న మనిషి అతను. ఆ నొప్పిని గిల్లి ఆపేశావంటే అతనికి ఆ రాత్రి మరింత బరువవుతుంది. అందుకే నీ ప్రతి పోస్టూ, పుస్తకం కొనకపోయినా, రేపు పొద్దున వాడుకోగలిగే ఒక చిన్న మాటైనా ఇవ్వాలని నా పట్టు. "చూసి చెప్తాను, గురువారం దాకా టైమివ్వండి" లాంటి ఒక్క వాక్యమైనా సరే.

"జీవితం మారిపోతుంది", "డిప్రెషన్ పోతుంది" లాంటి మాటలు మాత్రం ఎక్కడా రాయకు. నిజంగా డిప్రెషన్‌తో ఉన్న మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి నీ పుస్తకం పట్టుకు కూర్చుంటే? "సైన్సు చెప్తోంది" అన్నప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకో. ఆరో అధ్యాయంలో నువ్వు చెప్పిన 2012 నాటి పరిశోధన, "నేను తినలేను" అనడం కంటే "నేను తినను" అనుకోవడం ఎక్కువ పనిచేస్తుందన్నది, తన కోరికలను తాను అదుపు చేసుకోవడం గురించి. పుస్తకంలో సరిగ్గానే రాశావు. పోస్టులో మాత్రం బంధువులకు కాదనడానికి అదే మంత్రమని పెట్టేశావు. ఆ పరిశోధన ఆ మాట అనలేదు. తెలిసినవాడు ఒక్కడు కామెంటులో పట్టుకుంటే పుస్తకం మొత్తాన్నీ అనుమానిస్తారు.

ఇక సాంకేతికమైనవి. క్యాప్షన్‌లో మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది "మోర్" నొక్కితేనే వస్తుంది. కాబట్టి "నమస్తే ఫ్రెండ్స్, అందరూ ఎలా ఉన్నారు"తో ఆ చోటు ఖర్చు చేయకు. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, ఉచిత ఖాతాతో రాస్తే 280 అని పరిమితి ఉంది కదా, అక్కడ ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, వాళ్ల లెక్కలో ఆరు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో లింక్ నొక్కితే తెరుచుకోదు గనుక బయోలో పెట్టక తప్పదు. కానీ అక్కడ పది చోట్లకు దారులు పెట్టకుండా పుస్తకం కొనే చోటు ఒక్కటే పెట్టు. స్టోరీల్లో పోల్ వాడు. "శుక్రవారం సాయంత్రం ఆరింటికి మేనేజర్ 'చిన్న పని' అన్నాడు. మీరైతే ఏమంటారు?" అని రెండు జవాబులిచ్చి ఎంచుకోనివ్వు. ఒకటి ఎంచుకున్నాక అది సరైందో కాదో తెలుసుకోకుండా ఉండలేరు. జవాబు మర్నాడు స్టోరీలో తప్పకుండా పెట్టు. మర్చిపోతే పోల్ పెట్టకపోవడమే మేలు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, వనభోజనాల గ్రూపుల్లో అడగకుండా పోస్టర్లు పడేయకు. మీ అమ్మ ఉన్న గ్రూపుల్లో అసలే వద్దు, ఆవిడ మొహమాటంతో ఎవరికీ ఏమీ చెప్పలేకపోతుంది. పుస్తకం ఉచితంగా పంపి ఎవరిచేతైనా రీల్ చేయిస్తే, పుస్తకం ఉచితంగా అందిందని వాళ్లు చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో పెట్టిన నియమం అది.

చెన్నైలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. నీ వయసువాళ్లలో, ఇంకా చిన్నవాళ్లలో తెలుగు గలగలా మాట్లాడతారు కానీ చదవలేనివాళ్లు చాలామంది. బడిలో తమిళం, ఇంగ్లీషే నేర్చుకున్నారు. వాళ్లకు అక్షరాలతో ఎంత మంచి ప్రశ్న వేసినా అందదు. అందుకని వారానికి ఒక్కటైనా నీ గొంతుతో రీల్ చెయ్యి. వెనక పాట వద్దు, మొహం మీద ఎగిరే అక్షరాలు వద్దు. మనింట్లో మాట్లాడేటట్టే మాట్లాడు, మధ్యలో రెండు తమిళం ముక్కలు దొర్లినా ఫర్వాలేదు, ఇక్కడివాళ్లం అలాగే మాట్లాడతాం. షోలింగనల్లూరులో నీ ఆఫీసు పిల్లలు అది వింటారు. పుస్తకం తాము చదవలేకపోయినా, ఎవరేం అడిగినా కాదనలేని అమ్మకో అత్తయ్యకో కొనిపెడతారు. ఆ రీల్ చివర "మీ ఇంట్లో ఎవరికీ కాదని చెప్పలేనివాళ్లు ఎవరు?" అని అడిగి చూడు. జవాబు కామెంట్లలో రాయమనకు, వాళ్ల మనసులో అనుకుంటే చాలు.

జనవరిలో నందనం వై.ఎం.సి.ఎ. మైదానంలో పుస్తక ప్రదర్శన ఉంటుంది. అక్కడ తమిళ పుస్తకాలదే రాజ్యం, తెలుగు వెతుక్కోవాలి. ఆ రోజుల్లో పోస్టులకు ఒక పని అప్పగించు. ష్యూరిటీ ప్రశ్న లాంటిదే ఒకటి పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయించి, పుస్తకం ఏ స్టాలులో ఉంటే అక్కడ పెట్టించి, అదే ప్రశ్నను ఆ పొద్దున పోస్టులో పెట్టు. ఫోన్‌లో చూసినవాళ్లు స్టాలు దగ్గర గుర్తుపడతారు. మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనంలో సాహిత్య సభలు జరుగుతుంటాయి కదా, అక్కడికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఇన్‌స్టాగ్రామ్ చూడరు. వాళ్లకు కరపత్రమే మేలు, అది నేను రాసిస్తాను.

చివరగా డీఎంల, అంటే నీకు విడిగా వచ్చే మెసేజీల సంగతి. ప్రశ్న సరిగ్గా తగిలితే జనం తమ కథలు రాస్తారు. ఆడపడుచు నగలు అడిగిందని, అన్న పొలం కాగితాల మీద సంతకం పెట్టించుకున్నాడని రాస్తారు. వాటిని స్క్రీన్‌షాట్ తీసి, పేరు చెరిపేసి, "చూడండి ఎంత స్పందనో" అని పెట్టాలనిపిస్తుంది. వద్దు. పేరు చెరిపినా ఆ ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. ప్రతి ఒక్కరికీ రెండు లైన్లయినా జవాబు రాయి, అందులో పుస్తకం పేరు ఎత్తకు. సలహా ఇచ్చే శక్తి నీకు లేదనిపించిన చోట ఆ మాటే చెప్పి, లాయరునో డాక్టరునో చూడమను. ఒకే రకం కష్టం చాలామంది రాస్తుంటే దాన్ని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో. రెండో ముద్రణలో ఏ అధ్యాయం కలపాలో వాళ్లే చెప్తున్నారన్నమాట.

ఆ "ఒక్క మాట" పోస్టు ఇవాళే తీసేయి. మూడో అధ్యాయం పోస్టు రాసి, పెట్టేముందు నాకు వాట్సాప్ చెయ్యి, అదే రోజు చూసి పంపిస్తాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఉంటాను,
మీ పిన్ని
వెస్ట్ మాంబళం, చెన్నై