ఇష్టపడడానికి ఎవరూ లేని ‘గొమోర్రా’ మీద ప్రేక్షకులకు ఇంత తగవెందుకు?

ఇటాలియన్ నేరచిత్రం ‘గొమోర్రా’ను కొందరు ఆకాశానికెత్తుతుంటే మరికొందరు అరగంటకే ఆపేస్తున్నారని, ఒక్క పాత్ర మీదా అభిమానం కలగని సినిమా మంచి సినిమా ఎలా అవుతుందని మీరు అడిగారు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఎవరి పక్షాన నిలబడాలో ఈ సినిమా చెప్పదు కాబట్టి ప్రేక్షకుడు తనకు తెలియకుండానే ఒకరిని ఎంచుకుంటాడు. ఆ ఎంచుకున్నవాడి అసలు స్వరూపం బయటపడ్డాక, తనను తాను తిట్టుకోలేక దర్శకుణ్ణి తిడతాడు. ఈ సినిమా మీద నేను విన్న తగవులన్నీ చివరికి ఇక్కడికే వచ్చి ఆగాయి.

మత్తేయో గారోనే తీసిన ఈ చిత్రానికి 2008లో కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ బహుమతి వచ్చింది. నేపుల్స్ నగరాన్నీ, దాని చుట్టుపక్కల ఊళ్లనూ పట్టి పీడిస్తున్న కమోర్రా ముఠాల గురించి రొబెర్తో సవియానో 2006లో రాసిన పుస్తకం దీనికి ఆధారం. ఆ పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే రచయితకు బెదిరింపులు రావడంతో ప్రభుత్వం ఆయనకు పోలీసు రక్షణ కల్పించింది, ఆ తరువాత ఆయన జీవితమంతా ఆ కాపలా మధ్యనే గడుస్తోంది. సినిమాలో ఐదు కథలు పక్కపక్కనే నడుస్తాయి. సరుకులు ఇళ్లకు చేరవేసే టోటో అనే కుర్రవాడు, జైలులో ఉన్న ముఠా సభ్యుల కుటుంబాలకు నెలనెలా డబ్బు పంచే డాన్ చీరో, ఖరీదైన దుస్తులు కుట్టే పాస్క్వాలే అనే దర్జీ, విషపు వ్యర్థాలను పాతిపెట్టే వ్యాపారి ఫ్రాంకోతో పాటు అతని దగ్గర పనికి చేరిన రొబెర్తో అనే చదువుకున్న యువకుడు, తుపాకులతో ఆడుకునే మార్కో, చీరో అనే ఇద్దరు ఆకతాయిలు. ఈ కథలు చివరికి ఎక్కడో ఒకచోట ముడిపడతాయని ఎదురుచూస్తే ఆశాభంగమే మిగులుతుంది.

ఆ ఆశాభంగం మా బావగారికి ఎలా జరిగిందో చెబితే నా వాదన మీకు తేలికగా అర్థమవుతుంది. ఆయన నేరచిత్రాలను ఇష్టంగా చూసే మనిషి. ఏ ముఠాలో ఎవరున్నారో, ఎవరు ఎవరికి శత్రువో మొదటి పది నిమిషాలలోనే తేల్చుకుంటే తప్ప ఆయనకు స్థిమితం ఉండదు. అందుకోసం ఒక పాత కవరు వెనుక పేర్లు రాసుకుని, బాణం గుర్తులు గీసుకుంటూ కూర్చున్నారు. పది నిమిషాలకొకసారి సినిమాను వెనక్కు తిప్పించి, “ఇప్పుడు చచ్చినవాడు ఎవరి మనిషి?” అని అడిగేవారు. నాకూ తెలియదని చెబితే నమ్మలేదు. నిజానికి అది ఎవరికీ స్పష్టంగా తెలియకూడదన్నదే దర్శకుడి ఏర్పాటు. 2004 చివరలోనూ 2005 మొదట్లోనూ నేపుల్స్ శివారులోని స్కాంపియాలో డి లారో ముఠాకూ, దాని నుంచి చీలిపోయినవారికీ మధ్య సాగిన హత్యాకాండ ఈ కథలకు నేపథ్యం. ఒకే మెట్ల మీద రోజూ ఎదురుపడే మనుషులు ఒక్క ఉదయంలో శత్రువులైపోయిన చోట, ఎవరు ఏ పక్షమో అక్కడ నివసించేవారికే తెలియనప్పుడు, సోఫాలో కూర్చున్న మనకు మాత్రం ఎందుకు తెలియాలి?

బావగారు బాణాలు గీయడం మానేశాక మనిషిని వెతకడం మొదలుపెట్టారు. ఆయనకు ఫ్రాంకో నచ్చాడు. తోనీ సెర్వీల్లో పోషించిన ఆ పాత్ర చక్కని దుస్తులు వేసుకుంటుంది, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది, కొత్తగా పనిలో చేరిన కుర్రవాణ్ణి వెంట తిప్పుకుని ఓపికగా పని నేర్పుతుంది, తుపాకీ ముట్టుకోదు. “చూశావా, ఇంత సినిమాలో మనిషిలా కనిపిస్తున్నవాడు ఇతనొక్కడే. కథ ఇక ఇతని చుట్టూ తిరుగుతుంది చూడు” అన్నారు ధీమాగా. మా అక్క మాత్రం ఒప్పుకోలేదు. తన చేతి పని మీద అంత ప్రేమ ఉన్న దర్జీ పాస్క్వాలే కళ్ల ముందు తిరుగుతుంటే ఇష్టపడదగినవాడు లేడని ఎలా అంటారన్నది ఆమె ప్రశ్న. “అతను ఏం చేశాడని హీరో అవుతాడే?” అని బావగారు కొట్టిపారేశారు. ఏదో ఒకటి చేసేవాడే నాయకుడన్న నమ్మకం మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది.

ఆ తరువాత రాతి క్వారీ సన్నివేశం వచ్చింది. లారీలో తెచ్చిన పీపా ఒకటి ఒలికి డ్రైవరు ఒళ్లు కాలుతుంది, మిగిలిన డ్రైవర్లు ఇక బండి కదిపేది లేదని మొండికేస్తారు. ఫ్రాంకో కోపం తెచ్చుకోడు, ఎవరినీ కొట్టడు. ఊళ్లోకి వెళ్లి చిన్నపిల్లలను తీసుకువస్తాడు. స్టీరింగుకు వాళ్ల చేతులు అందవు కాబట్టి కింద దిండ్లు వేసి కూర్చోబెడతాడు. విషం నిండిన ఆ పెద్ద లారీలను పిల్లలు సంబరంగా క్వారీలోకి దింపుతుంటే, తాను పక్కన నిలబడి మెచ్చుకుంటూ దారి చూపిస్తాడు. అప్పటివరకూ ఎలా మర్యాదగా ఉన్నాడో అప్పుడూ అంతే మర్యాదగా ఉంటాడు. బావగారు రిమోట్ బల్ల మీద పెట్టేసి, కొంతసేపు ఏమీ అనకుండా ఉండి, “ఇది మోసం” అన్నారు. ఎవరు ఎవరిని మోసం చేశారని అడిగితే, దర్శకుడు తనను మోసం చేశాడన్నారు. ఆ మాటను నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఫ్రాంకో ఏ వ్యాపారం చేస్తున్నాడో మొదటి నుంచీ తెరమీద కనబడుతూనే ఉంది. ఉత్తరాది కర్మాగారాలు చట్టప్రకారం వదిలించుకోవడానికి ఎంతో ఖర్చయ్యే వ్యర్థాలను సగానికి సగం చౌకగా మాయం చేస్తానని అతను బేరమాడడం బావగారు కూడా విన్నారు. విన్నా ఆయనకు కోటు, మాటతీరు మాత్రమే గుర్తున్నాయి.

ఫ్రాంకో చేసినది తెరమీది కల్పన అనుకుని తేలికపడే వీలు కూడా లేదు. నేపుల్స్‌కూ కాసెర్తాకూ మధ్య వ్యర్థాలను పాతిపెట్టి, తగలబెట్టి పాడుచేసిన ప్రాంతాన్ని ఇటలీలో ‘మంటల నేల’ అని పిలుస్తారు. అక్కడి ప్రజల ప్రాణాలకు ముప్పు ఉందని తెలిసి కూడా ఇటలీ ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోలేదని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2025 జనవరిలో తీర్పు చెప్పింది. సినిమా వచ్చి అప్పటికి పదహారేళ్లు దాటింది. ఐదు కథలలో తుపాకీ పేలుళ్లు ఎక్కడ ఎక్కువో లెక్కపెట్టేవారికి ఫ్రాంకో కథ చప్పగా ఉంటుంది, కానీ ఎక్కువమంది ప్రాణాలతో ఆడుకున్నవాడు అతనే. ఒక పల్లెటూరి ముసలమ్మ ఆప్యాయంగా ఇచ్చిన పీచ్ పళ్ల బుట్టను, ఆ నేలలో ఏముందో తనకు తెలుసు కాబట్టి, దారి మధ్యలో పారేయమని అతను రొబెర్తోకు చెప్పే సన్నివేశాన్ని మించిన నేరదృశ్యం నేను మరే సినిమాలోనూ చూడలేదు. పళ్లు రోడ్డు పక్కన పడతాయి. రొబెర్తో ఇక కారెక్కడు, ఈ పని తన వల్ల కాదని చెప్పి నడిచి వెళ్లిపోతాడు. నాయకుడు కావాలని పట్టుబట్టేవారు ఆ యువకుణ్ణి ఎందుకు లెక్కలోకి తీసుకోరో నాకు అర్థం కాదు. అతను ప్రతీకారం తీర్చుకోడు, పోలీసులకు చెప్పడు, ముఠాను కూల్చడు, మానేస్తాడు, అంతే. అందువల్ల అతనికి చప్పట్లు లేవు.

ఇక మీరు అడిగిన ‘అభిమానం’ సంగతికి వస్తాను. అభిమానించడానికి నాయకుడు కావాలని కోరేవారు ఈ సినిమాలోనే ఇద్దరు ఉన్నారు. మార్కో, చీరో ఇద్దరూ 1983 నాటి ‘స్కార్‌ఫేస్’ చిత్రంలో అల్ పచినో పోషించిన టోనీ మోంటానా పాత్రను తమ మీదకు ఆవాహన చేసుకుని తిరుగుతుంటారు. పాడుబడిన ఒక భవంతిలో ఆ పాత్ర మాటలను అరుస్తూ, చేతులను తుపాకులలా చాపి కనబడని శత్రువులను కాల్చేస్తారు. ఆ ప్రాంతపు ముఠా పెద్దలలో ఒకడైన వాల్టర్ స్కియావోనే, అదే సినిమాలోని భవంతిని చూసి అలాంటిదే తనకూ కావాలని కట్టించుకున్నాడని సవియానో రాశాడు. అంటే సినిమాను చూసి నేరస్థుడు తయారవుతున్నాడు, ఆ నేరస్థుణ్ణి చూసి పిల్లలు తయారవుతున్నారు. ఆ ఇద్దరు కుర్రవాళ్లూ ముఠా దాచిపెట్టిన ఆయుధాలను దొంగిలించి, సముద్రపు ఒడ్డున లోదుస్తులతో నిలబడి నీళ్లలోకి తుపాకులు పేలుస్తూ కేరింతలు కొడతారు. సినిమా చివరకు వచ్చేసరికి పెద్దలు వాళ్లను ఉపాయంగా ఒక చోటికి రప్పించి చంపించి, శవాలను బుల్‌డోజర్ తొట్టిలో వేసి తీసుకుపోతారు. నేపథ్య సంగీతం లేదు, నెమ్మదిగా పడిపోయే భంగిమ లేదు, ఆఖరి మాట లేదు. అల్ పచినో పాత్రకు దక్కిన చావు కూడా వాళ్లకు దక్కలేదు. ‘నాయకుడు లేని సినిమా ఏమిటి’ అన్న ప్రశ్నకు గారోనే ఇచ్చిన సమాధానం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ నాకొక పాత ఫిర్యాదు ఉంది, చెప్పకుండా ఉండలేను. ఈ సినిమాను ప్రచారం చేసేవారు ఎప్పుడూ ఆ సముద్రపు ఒడ్డు ఛాయాచిత్రాన్నే వాడతారు. బక్కపలుచని ఇద్దరు పిల్లలు తుపాకులు పట్టుకున్న ఆ బొమ్మ చూడడానికి బాగుంటుంది, గోడకు అంటించుకోవడానికీ బాగుంటుంది, ఏ మోజును సినిమా చీల్చి చూపించిందో ఆ మోజునే అమ్మిపెడుతుంది. దానికి తోడు స్నేహితులు ‘గాడ్‌ఫాదర్ లాంటిది, తప్పక చూడు’ అని సిఫారసు చేస్తారు. అలా నమ్మి కూర్చున్నవాడికి కుటుంబ పెద్ద, విశాలమైన గది, గౌరవంగా వంగి చేయి ముద్దాడే అనుచరులు కనబడకపోతే కోపం రాదా? ఇందులో ఉన్నవి పెచ్చులూడిన గోడలు, తడిసిన మెట్లు, నాడాలు ఊడిన బూట్లు. భుజం మీద మోసిన కెమెరా మనిషి వీపు వెనకే తిరుగుతుంది, దూరంగా ఉన్నది మసకగా ఉంటుంది, ప్రమాదం ఎటు నుంచి వస్తుందో పాత్రకూ తెలియదు, మనకూ తెలియదు. నేపుల్స్ యాస అంత చిక్కనిది కాబట్టి ఇటలీలోనే ఈ సినిమాను ఉపశీర్షికలతో ప్రదర్శించారు. తప్పుడు సిఫారసు చేసినవారిని వదిలేసి సినిమాకు ఒక నక్షత్రం ఇచ్చి పోవడం న్యాయం కాదు.

నచ్చనివారి వాదనలన్నీ ఉత్తవని నేను అనడం లేదు. డాన్ చీరో కథ నాకూ పలుచగానే అనిపిస్తుంది, అతని భయం మొదటిసారి చూసినప్పుడే అర్థమవుతుంది, మళ్లీ మళ్లీ అదే చూపించడం వల్ల కొత్తగా తెలిసేది తక్కువ. టోటో విషయంలో మాత్రం ఎవరితోనైనా వాదిస్తాను. కుర్రవాళ్లకు తూటా ఆపే కవచం తొడిగి, గుండె మీద కాల్చి ధైర్యం పరీక్షించే సన్నివేశం నుంచి, తాను సరుకులు చేరవేసే మరియా అనే ఆమెను పేరుపెట్టి పిలిచి బయటకు రప్పించే సన్నివేశం వరకు, ఆ పిల్లవాడి ముఖంలో ఏడుపు కూడా పూర్తిగా రాదు. మరియా కొడుకు ఎదుటి పక్షంలో చేరడమే ఆమె చేసిన నేరం. టోటో ఆమెను కాపాడతాడని బావగారు ఆఖరి క్షణం దాకా అనుకున్నారు. నేను మొదటిసారి చూసినప్పుడు అనుకోలేదని చెప్పలేను, ఎవరైనా అనుకుంటారు. ‘పాత్రల మీద జాలి కలగలేదు’ అనేవారు ఆ పిలుపుకూ తుపాకీ మోతకూ మధ్య తమ ఊపిరి ఎందుకు ఆగిందో చెప్పాలి.

మీకు నా మాట మీద ఇంకా అనుమానం ఉంటే, అదే పుస్తకం ఆధారంగా 2014లో మొదలై 2021లో ముగిసిన టెలివిజన్ ధారావాహికను గమనించండి. అందులో సంగీతం ఉంది, ఎత్తుకు పైఎత్తులు ఉన్నాయి, కెమెరాను సూటిగా చూసే అందమైన ముఖాలు ఉన్నాయి. యువకులు ఆ పాత్రలను అనుకరిస్తున్నారన్న విమర్శ ఇటలీలోనే వచ్చింది. ‘గొమోర్రా’ను సగంలో తిట్టిన మా బావగారు ఆ ఐదు సీజన్లనూ విడవకుండా చూశారు. ఎవరు ఎవరి మనిషో ఇప్పుడు ఆయనకు కంఠతా వచ్చు. అందులో ఆయనకు ఎంతో ఇష్టమైన చీరో డి మార్జో తన భార్యను తన చేతులతోనే గొంతు నులిమి చంపుతాడు. ఆ విషయం గుర్తుచేస్తే, “పరిస్థితులు అలా వచ్చాయిలే” అంటారు.