హెపటైటిస్ బి ఉన్నవాళ్లతో కలిసి తింటే అంటుకుంటుందా?

అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, కౌగిలించుకున్నా, పక్కన కూర్చుని దగ్గినా హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) రాదు. ఆ భయంతో ఇంట్లో మనిషికి గ్లాసు వేరు, కంచం వేరు పెట్టడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చేవి ఎ, ఇ రకాలు. బి ముఖ్యంగా రక్తం ద్వారా, లైంగిక సంబంధం వల్ల, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది.

నిజంగా వేరు పెట్టాల్సినవి రేజరు, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్. రేజరు అంచున కంటికి కనిపించనంత రక్తం మిగిలినా చాలు. అది ఎండిపోయాక కూడా ఈ వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది.

ఇంట్లో మిగతావాళ్లంతా పరీక్ష చేయించుకోండి. కళ్లు పచ్చబడలేదు కదా అని ఆగొద్దు, చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. రిపోర్టులో హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉన్నట్టు. 6 నెలలు దాటినా అలాగే ఉంటే దీర్ఘకాలికం. హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్ అయి, యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఉందో లేదో చెప్పే పరీక్ష), యాంటీ హెచ్‌బీసీ (ఎప్పుడైనా ఈ వైరస్ సోకిందో లేదో చెప్పే పరీక్ష) కూడా నెగెటివ్ అయితే వెంటనే టీకా మొదలుపెట్టండి. మామూలుగా 0, 1, 6 నెలలకు 3 డోసులు. పుట్టిన బిడ్డకైతే తొలి డోసు 24 గంటల్లోపే పడాలి. తల్లికి పాజిటివ్ ఉంటే బిడ్డకు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) ఇంజెక్షన్ గురించి కూడా కాన్పుకు ముందే డాక్టరును అడగండి.

హెపటైటిస్ సి రకానికి టీకా లేదు, కానీ 8 నుంచి 12 వారాలు మాత్రలు వాడితే దాదాపు అందరికీ నయమవుతుంది. సి పరీక్షలో యాంటీబాడీ (వైరస్ సోకినప్పుడు ఒళ్లు తయారుచేసుకునేది) పాజిటివ్ రాగానే టెన్షన్ పడకండి. వైరస్ ఇప్పుడు ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెప్పాలి.