పచ్చికకు విత్తనమా, కార్పెట్టా?

ప్రశ్న: కొత్త ఇంటి ముందు 600 చదరపు అడుగుల ఎర్రనేల ఖాళీగా ఉంది. ఒక మూల వేపచెట్టు నీడ. నర్సరీవాళ్లు కార్పెట్ గడ్డి (మట్టితో సహా చాపల్లా కోసి తెచ్చే గడ్డి) పరచమంటున్నారు. ఆన్‌లైన్‌లో ‘మెక్సికన్ గడ్డి విత్తనాలు’ చవగ్గా ఉన్నాయి. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆ ప్యాకెట్ మాత్రం కొనకండి. మెక్సికన్ గడ్డిని మన దగ్గర పిలకలతోనో, కార్పెట్‌తోనో పెంచుతారు. ఆ పేరుతో వచ్చే విత్తనం తరచు బెర్ముడాయే, అంటే మన గరిక. గరికే చాలనుకుంటే 300 గ్రాముల విత్తనం సరిపోతుంది. నాలుగింతల ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాలి. లోతుగా పడితే మొలవదు. మొలిచేదాకా రోజుకు రెండు మూడుసార్లు సన్నజల్లు కొట్టాలి. ఈలోగా చీమలు మోసుకుపోతాయి, ఒక్క గట్టి వాన పడితే విత్తనమంతా పల్లానికి చేరుతుంది. అందుకే మీకు కార్పెట్ మేలని మా అభిప్రాయం.

అయితే ముందు తుంగ కలుపు సంగతి తేల్చుకోండి. కార్పెట్ కింద అది చావదు, చీల్చుకుని పైకొస్తుంది. ముప్పావు అడుగు లోతు తవ్వి తుంగగడ్డలు ఏరేయండి. నీళ్లు పెట్టి రెండు వారాలు ఆగితే మిగిలినవి మొలుస్తాయి. వాటిని గడ్డతో సహా పీకండి. ఇలా రెండుసార్లు చేయాలి, తొందరపడొద్దు. తర్వాత రెండు క్వింటాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, ఇంటి నుంచి బయటికి పది అడుగులకు అంగుళం వాలు ఇవ్వండి. పచ్చి ఎరువు వేస్తే కలుపు గింజలూ, వేరుపురుగులూ వెంటే వస్తాయి.

కార్పెట్ వచ్చిన రోజే పరచాలి. దొంతర్లుగా ఉంచితే లోపల వేడెక్కి పసుపు తిరుగుతుంది. ఇటుకల వరసలా అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా పేర్చి, సందుల్లో ఇసుక నింపి, రోలర్ తిప్పండి. తడిపాక ఒక మూల ఎత్తి చూడండి. అడుగు మట్టి పొడిగా ఉంటే నీళ్లు చాలలేదు. రెండు వారాలకు లాగితే ఊడిరాకూడదు, అప్పుడే మొదటి కోత.

ఖర్చు తగ్గాలంటే తొలకరి పడ్డాక కొంత కార్పెట్ కొని, పిలకలుగా విడదీసి నాలుగంగుళాల ఎడంతో నాటండి. రెండు మూడు నెలల్లో కమ్ముకుంటుంది.

వేపచెట్టు కింద రోజుకు నాలుగు గంటల ఎండైనా పడకపోతే ఈ గడ్డి ఏదీ నిలవదు. అక్కడ స్పైడర్ ప్లాంట్ పెట్టండి.