లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావడం లేదు

ప్రశ్న: ఊలుతో పిల్లల టోపీలు, చిన్న చిన్న బొమ్మలు అల్లి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఏడాది క్రితం ఫేస్‌బుక్‌లో పేజీ, ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచాను. మొదట్లో తెలిసినవాళ్లు కొన్నారు. ఇప్పుడు ఏ ఫొటో పెట్టినా ‘చాలా బాగుంది’ అనేవాళ్లే తప్ప కొనేవాళ్లు కనిపించడం లేదు. పైగా ఆరు వందల మంది ఫాలోవర్లు ఉన్నా, పోస్టు అరవై మందికి చేరడమే గగనమవుతోంది. రోజుకు ఎన్ని పోస్టులు పెడితే ఫలితం ఉంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్నలో రెండు చిక్కులు కలిసిపోయాయి. పోస్టు చేరకపోవడం ఒకటి, చేరినవారు కొనకపోవడం మరొకటి.

మొదటిది మీ ఒక్కరికే ఎదురైన ఇబ్బంది కాదు. పోస్టులను పెట్టిన వరుసలోనే చూపించే పద్ధతిని ఇన్‌స్టాగ్రామ్ 2016లో మానుకుని, ఎవరికి ఏది నచ్చుతుందో తానే అంచనా కట్టి చూపించడం మొదలుపెట్టింది. వ్యాపార పేజీల పోస్టులకన్నా బంధుమిత్రుల పోస్టులకే పెద్దపీట వేస్తామని ఫేస్‌బుక్ 2018 జనవరిలో ప్రకటించింది. అందువల్ల మీకు ఎంతమంది ఫాలోవర్లు ఉన్నా, వారిలో కొద్దిమందికే పోస్టు కనబడుతుంది. వారు ఆగి చూస్తే, దాచుకుంటే, మరొకరికి పంపిస్తే అది ఇంకొంచెం దూరం వెళ్తుంది. ఈ లెక్కన రోజుకు మూడు సాదా ఫొటోలు పెట్టడంకన్నా వారానికి రెండు మంచి పోస్టులు పెట్టడమే మేలని నా అభిప్రాయం. అల్లికకే సమయం చాలని మీకు, పోస్టుల కోసం అల్లిక ఆపుకోవలసిన పరిస్థితి రాకూడదు.

రెండో చిక్కు మీ చేతిలోనే ఉంది. మిమ్మల్ని బొత్తిగా ఎరగని మనిషి చూసినట్టుగా మీ చివరి పది పోస్టులను మీరే ఒకసారి చూడండి. ఆ టోపీ ఏ వయసు పిల్లలకు సరిపోతుంది, ఉతికితే కుంచించుకుపోతుందా, ఆర్డరు ఇచ్చాక ఎన్నాళ్లకు చేతికందుతుంది, డబ్బు ఎలా చెల్లించాలి అన్న ప్రశ్నలకు అక్కడే సమాధానాలు దొరుకుతున్నాయా? అన్నిటికన్నా ముందు, ధర ఉందా? ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని రాసే అలవాటు ఎక్కడ పుట్టిందో గాని, అది చిన్న వ్యాపారులకు చాలా చేటు చేస్తోంది. పోటీదారులకు తెలిసిపోతుందని ధర దాచేవారు, ఆ పోటీదారు వేరే పేరుతో మెసేజ్ చేసి తెలుసుకోగలడని మరచిపోతారు. మొహమాటపడే కొనుగోలుదారు మాత్రం అడగకుండానే వెళ్లిపోతాడు.

ఫొటోల విషయంలో ఖరీదైన కెమెరా అక్కర లేదు. పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట తీస్తే ఊలు రంగు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. బొమ్మను అరచేతిలో పెట్టి తీసిన ఫొటో ఒకటి తప్పక ఉండాలి, ఎందుకంటే కొలతలు అంకెల్లో రాసినా చాలామందికి పరిమాణం ఊహకు అందదు. బొమ్మలు కొనే తల్లిదండ్రులకు మరో భయం ఉంటుంది: కళ్లకు కుట్టిన గుండీలు ఊడివస్తే పిల్లలు నోట్లో పెట్టుకుంటారని. మీరు మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు గుండీలు వాడకుండా కళ్లను దారంతోనే కుడుతున్నట్టయితే, ఆ కుట్టు వేస్తుండగా చిన్న వీడియో తీసి పెట్టండి. పది పొగడ్తలు చేయలేని పని ఆ ఒక్క వీడియో చేస్తుంది. రీల్స్‌గా పెడితే మిమ్మల్ని అనుసరించనివారికీ కనబడే అవకాశం ఎక్కువ. వెనకాల సినిమా పాట మాత్రం పెట్టకండి. వ్యాపార ఖాతాలకు చాలా పాటలు అనుమతించరు, హక్కుల సమస్య వస్తే వీడియో శబ్దాన్ని తీసేస్తారు. వాణిజ్య అవసరాలకు వాడుకోదగిన సంగీతాన్ని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థే ఉచితంగా అందిస్తోంది. అల్లుతూ మీరు మాట్లాడే నాలుగు మాటలైతే ఇంకా మంచిది.

ఇకపై లైకులు లెక్కపెట్టకండి. ప్రొఫెషనల్ ఖాతాలో (వ్యాపారానికి వాడే రకం) ఉండే ‘ఇన్‌సైట్స్’ అనే గణాంకాల విభాగంలో ఎందరు పోస్టును సేవ్ చేసుకున్నారో, ఎందరు ప్రొఫైల్ తెరిచి చూశారో చూడండి. కొనే ఆలోచన ఉన్నవారు వదిలే ఆనవాళ్లు అవే.

ప్రశ్న: తక్కువ డబ్బుకు పది వేల మంది ఫాలోవర్లను ఇస్తామని ఒకరు అంటున్నారు. పోస్టులను బూస్ట్ చేయమని, అంటే డబ్బు కట్టి మరింతమందికి చూపించమని ఇంకొకరు సలహా ఇస్తున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు

జవాబు: మొదటిది వద్దు. ఆ ఖాతాల్లో ఎక్కువ భాగం నకిలీవి. అవి మీ పోస్టును చూడవు, కొనవు, పైగా ఇంతమందిలో ఎవరూ పట్టించుకోని పోస్టుగా దాని విలువ తగ్గిపోతుంది. బూస్ట్ తప్పు కాదు గాని, డబ్బు పెట్టకుండానే నలుగురు ఆగి చూసిన పోస్టుకే చేయాలి. ఎవరూ చూడని పోస్టును డబ్బిచ్చి మరింతమందికి చూపించినంత మాత్రాన అది ఆకట్టుకోదు. నష్టపోయినా బాధపడని చిన్న మొత్తంతో, నాలుగైదు రోజులు ప్రయత్నించి, ఎన్ని ఆర్డర్లు వచ్చాయో కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: వాట్సాప్‌లో రోజూ గ్రూపులన్నిటికీ నా వస్తువుల ఫొటోలు పంపుతున్నాను. కొందరు బ్లాక్ చేశారు. తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు

జవాబు: అడగనివారికి రోజూ పంపడంలోనే జరిగిందమ్మా. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌ను వాడి, వస్తువులన్నిటినీ ధరలతో సహా కేటలాగ్‌లో పెట్టండి. అడిగినవారికి ఆ లింకు పంపితే చాలు. తరచూ వచ్చే ప్రశ్నలకు క్విక్ రిప్లైలు, అంటే ఒక్క నొక్కుతో పంపగలిగే జవాబులు ముందే రాసుకుంటే వంట మధ్యలోనూ జవాబు ఇవ్వగలుగుతారు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చుకోవచ్చు, అయితే మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం అందుతుంది. ఒకసారి కొన్నవారిని ‘కొత్తవి వస్తే చెప్పమంటారా?’ అని అడిగి, సరేనన్నవారినే అందులో చేర్చండి.

ప్రశ్న: ‘కాపీరైట్ ఉల్లంఘన కారణంగా మీ పేజీని 24 గంటల్లో తొలగిస్తాం’ అని ఒక మెసేజ్, కింద ఒక లింకు వచ్చింది. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ లింకు నొక్కకండి. భయపెట్టి, తొందరపెట్టి పాస్‌వర్డు లాక్కునే పాత ఎత్తుగడ అది. నిజంగా ఏదైనా ఉల్లంఘన ఉంటే యాప్‌లోనే మీ ఖాతా సెట్టింగుల్లో కనబడుతుంది. పాస్‌వర్డుతో పాటు మరో కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణను ఈ రోజే పెట్టుకోండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి.

మరో పని కూడా చేయండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి ఆరు గంటలపాటు ప్రపంచమంతటా నిలిచిపోయాయి. ఖాతా మీ తప్పు లేకుండానే చేజారవచ్చు కాబట్టి, కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు, వారు ఏం కొన్నారన్న వివరాలను వారి అనుమతితో ఒక నోటుపుస్తకంలో రాసి, భద్రంగా మీ దగ్గర ఉంచుకోండి.