ఫైర్‌వైర్ లేని ల్యాప్‌టాప్‌లోకి మినీడీవీ టేపులు ఎక్కించడం ఎలా?

సోనీ హ్యాండీక్యామ్, డజను మినీడీవీ టేపులు, కొత్త ల్యాప్‌టాప్. యూఎస్‌బీ పెడితే మెమరీ కార్డులో ఫొటోలు కనబడుతున్నాయి గానీ టేపు కనబడట్లేదు, ఏం చెయ్యాలి అని కదా మీ ప్రశ్న. రెండేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే అవస్థ పడ్డాను.

ముందు ఒక మాట. ఫైర్‌వైర్ అంటే వీడియో కెమెరాని కంప్యూటర్‌కి కలిపే పాత తరహా కనెక్షన్. ఆన్‌లైన్లో ‘ఫైర్‌వైర్ టు యూఎస్‌బీ’ అని దొరికే కేబుల్ కొనకండి. ఒక కొసన నాలుగు పిన్నులు, ఇంకో కొసన యూఎస్‌బీ, మధ్యలో ఉత్త తీగ. మూడొందల చిల్లర పెట్టి కొని, డ్రైవర్ లేదేమోనని ఆదివారమంతా తగలేశాను. ఫైర్‌వైర్ పనిచేసే తీరు వేరు, యూఎస్‌బీది వేరు. కొసలు మార్చి అతికించినంత మాత్రాన కలవవు.

కెమెరా పక్కన చిన్న మూత తీస్తే ‘డీవీ’ అనో ‘ఐ.లింక్’ అనో రాసిన కన్నం ఉంటుంది. అదే ఫైర్‌వైర్. మినీడీవీ టేపు మీద ఉన్నది ముందే డిజిటల్ కాబట్టి, ఆ దారిన తీస్తే బొమ్మ ఉన్నదున్నట్టు ఫైలుగా వచ్చేస్తుంది. చాలా కెమెరాల్లో యూఎస్‌బీ ఇచ్చింది ఫొటోలకీ, మసకమసకగా వెబ్‌క్యామ్‌లా వాడుకోడానికీ.

అందుకని కేబుల్ సంగతి వదిలేసి పాత కంప్యూటర్ కోసం వెతకండి. 2005–2010 నాటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి పక్కన ‘1394’ అని రాసిన బుల్లి పోర్టు ఉంటుంది, ఫైర్‌వైర్‌కే అది ఇంకో పేరు. నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో ఫైర్‌వైర్ ఉందా అని అడుగుతూ తిరిగితే ఒక కొట్లో కుర్రాడు “వైఫైనా సార్?” అన్నాడు. చివరికి మా బాబాయిగారి అటక మీదే దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో సహా! ఇంట్లో డెస్క్‌టాప్ ఉంటే ఫైర్‌వైర్ కార్డు బిగించుకోవచ్చు. విండోస్ 10లో అయితే 1394కి ‘లెగసీ’ అనే పాత డ్రైవర్ వేసుకోవాల్సి రావచ్చు. కొత్త మ్యాక్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాక్ఓఎస్ 26 నుంచి ఫైర్‌వైర్ తీసేశారు.

ఎక్స్‌పీలోని మూవీ మేకర్ చాలు. అయితే టేపులోంచి వీడియో పట్టేటప్పుడు అది ముందుగా చూపించేది ఫైలుని కుదించే పద్ధతి. అది కాకుండా ‘డీవీ-ఏవీఐ’ ఎంచుకోండి. గంట టేపుకి గంటా పడుతుంది, దాదాపు 13 జీబీ అవుతుంది. కెమెరాని బ్యాటరీ మీద కాకుండా ఛార్జర్ మీద నడపండి.

నేను దెబ్బతిన్నది ఇంకో చోట. మొదట పెట్టింది మా అమ్మాయి అన్నప్రాసన టేపు. పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, కత్తి వరసగా పెట్టి పాపని వదిలారు. పాక్కుంటూ వెళ్లింది, చెయ్యి చాచింది, టక్కున ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. మళ్లీ అక్కడే. టేపు పోయిందనే అనుకున్నాం, మా ఆవిడ మొహం చిన్నబోయింది. తీరా చూస్తే రెండు ఫైళ్లూ 4 జీబీ దగ్గరే ఆగాయి. నా ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు, అంటే ఈ లెక్కన పద్దెనిమిది నిమిషాలు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌కి మార్చాక సాఫీగా సాగింది. మార్చే ముందు డిస్కులో ఉన్నవి వేరేచోట దాచుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి. ఇంతకీ పాప పట్టుకున్నది పెన్నూ కాదు, గొలుసూ కాదు, పక్కన కూర్చున్న మా అత్తగారి కొంగు.

టేపు పెట్టే ముందు దాని అద్దంలోంచి చుట్ట వైపు చూడండి. కాకినాడలో మా ఇంట్లో ఉండిపోయిన రెండింటికి తెల్లగా బూజు పట్టింది. అలాంటివి పెడితే కెమెరాలో టేపుని చదివే హెడ్ కూడా పాడవుతుంది, పక్కన పెట్టేయండి. మిగతావి ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు ప్లే చెయ్యండి. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిన కెమెరాతో తీసిన టేపులుంటే అవి ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి వీడియో పద్ధతివి, మన దగ్గరి పాల్ పద్ధతి కెమెరాలో సరిగ్గా ఆడవు. తీసిన కెమెరాలోనే ఆడించాలి.

ఫైర్‌వైర్ పోర్టే చచ్చిపోయి ఉంటే మాత్రం పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ కేబుల్, ఆ బొమ్మని కంప్యూటర్లో ఫైలుగా మార్చే యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బా వాడాలి. బొమ్మ కాస్త తగ్గుతుంది, అసలు లేకపోవడం కన్నా నయం.

మా అటక ల్యాప్‌టాప్ ఇంకా నా దగ్గరే ఉంది. హైదరాబాదులో ఉంటే చెప్పండి, వారం రోజులు ఇస్తాను. బ్యాటరీ నిమిషం కూడా ఆగదు, ప్లగ్గులోంచి తియ్యకండి.