ముందే డబ్బు కట్టే ఇళ్ళకు కూరగాయలు: ప్లస్‌టూ కాగానే అమ్మాయిని సాగులో దింపవచ్చా?

ప్రశ్న: మేడం, మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్‌టూ సైన్స్ పరీక్షలు రాసింది. ఊరి చివర మాకున్న ఎకరంన్నరలో మందులు కొట్టకుండా కూరగాయలు పండించి, ముందే డబ్బు కట్టిన కుటుంబాలకు వారం వారం ఇస్తానంటోంది. కాలేజీ వద్దంటోంది. వాళ్ళ నాన్నగారేమో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి బరంపురం పంపుదామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఆలోచన నాకు చాలా నచ్చింది. కాలేజీ మానేస్తాననడం మాత్రం నచ్చలేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. జపాన్‌లో 1970ల నుంచీ కుటుంబాలు రైతులతో నేరుగా ఇలాంటి ఒప్పందాలు చేసుకుంటున్నాయి. అమెరికాలో 1986లో రెండు తోటలు దీన్ని మొదలుపెట్టాయి. పంటకాలానికి ముందే వాటా సొమ్ము చేతికొస్తుంది కాబట్టి విత్తనానికీ కూలికీ అప్పు చెయ్యక్కర్లేదు. పంట పోతే నష్టంలో కొంత వాటాదారులూ మోస్తారు. మన వైపు ఇది చిన్న విషయం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలకు గజపతి కొండల్లో ఎంత నష్టం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా అవి శీతాకాలం నారుమళ్ళ రోజులు. అలాంటి నెలలో సంచి సగమే వస్తే ఏం చేస్తారో డబ్బు తీసుకునే ముందే కాగితం మీద రాసి, కుటుంబాలకు చదివి వినిపించాలి.

అసలు కష్టం మందు లేకుండా పండించడంలో ఉందనుకుంటారు చాలామంది. అది నేర్చుకోవచ్చు. 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి 200 లీటర్ల నీళ్ళలో కలిపితే ఎకరానికి సరిపడా జీవామృతం. సరిహద్దు దాటితే శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో దాన్ని రోజూ వాడే రైతులున్నారు, వెళ్ళి చూడొచ్చు. వంకాయ కాయతొలుచు పురుగుకి లింగాకర్షక బుట్టలున్నాయి. కష్టమంతా ప్రతి వారం సంచిలో ఆరేడు రకాలు ఉండేలా చూడటంలో ఉంది. తోటకూర నెలలోపే కోతకొస్తుంది, ముల్లంగికి 40–45 రోజులు, బెండ మొదటి కాయకు 45–50, వంగకి నారు నాటాక రెండు నెలలు దాటాలి. అన్నీ ఒకేసారి వేస్తే ఒక వారం బుట్టలు పొంగుతాయి, తరువాతి రెండు వారాలు చేతులు ఖాళీ. అందుకే ఆకుకూరలు పది రోజులకొక మడి చొప్పున వేస్తూ పోవాలి. ఎండాకాలం పాలకూర నిలవదు, బచ్చలి, గోంగూర నిలబడతాయి. వానాకాలంలో ఆకుకూర కుళ్ళకుండా ఎత్తు మళ్ళు కావాలి. ఆ నెలల్లో పందిరి మీద బీర, కాకర, దొండే ఆదుకుంటాయి. కంద, చేమ, అరటికాయ కూడా వేయించండి. మీ వీధిలో ఒడియా ఇళ్ళుంటాయి కదా, పప్పులో కూరగాయలు కలిపి వండే వాళ్ళ డాల్మాకి అవి కావాలి. కార్తీకంలో నీచు మానేసే ఆ ఇళ్ళలో కూరల వాడకం బాగా పెరుగుతుంది.

ఇప్పుడు డబ్బు. ఇరవై కుటుంబాలు, వారానికి 250 రూపాయల సంచి అనుకుందాం. నెలకు 20,000. అందులోంచే విత్తనం, కూలి, బండి పెట్రోలు. మొదటి ఏళ్ళలో మిగిలేది బ్యాంకు ఉద్యోగి జీతానికి దగ్గరగా కూడా రాదు. ఈ మాట వాళ్ళ నాన్నగారి ముందే అమ్మాయికి చెప్పండి. విని కూడా వెనక్కి తగ్గకపోతే ఆయనా కోచింగ్ మాట పక్కన పెట్టాలి. ఇష్టంలేని పిల్లను ఆ పరీక్షలకు కూర్చోబెట్టి ఏళ్ళు పోగొట్టిన ఇళ్ళు నేను చూశాను.

చదువు సంగతి. మీ ఊళ్ళోనే సెంచూరియన్ యూనివర్సిటీలో వ్యవసాయ కళాశాల ఉంది. ప్రభుత్వ సీటు కావాలంటే భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ప్రయత్నించాలి. నాలుగేళ్ళ బీఎస్సీ అగ్రికల్చర్ ఉంటే సాగు కుదరకపోయినా దారులు మూసుకుపోవు. నా ఓటు ఊళ్ళో కాలేజీకే, ఎందుకంటే పొద్దున్నే పొలం చూసుకుని క్లాసుకి వెళ్ళొచ్చు. అయితే ఫీజు మీకు బరువు కాకూడదు. రెండూ కుదరకపోతే ఏదైనా డిగ్రీలో చేర్చి, దాంతోపాటు ఇగ్నో దూరవిద్యలో ఆరు నెలల సేంద్రియ సాగు సర్టిఫికెట్ చేయించండి. ఆర్.ఉదయగిరిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణల గురించి అడగండి.

సేంద్రియమని ధ్రువపత్రం కోసం ఇప్పుడే పరుగులొద్దు. రైతు తన పంటను తినేవాళ్ళకే నేరుగా అమ్మితే సేంద్రియ ఆహారంపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో దానికి మినహాయింపు ఉంది. తరువాత కావాలంటే కనీసం ఐదుగురు రైతులు కలిసి పీజీఎస్ గుంపు కట్టొచ్చు, అంటే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసి ధ్రువీకరించుకునే పద్ధతి. కూరగాయల భూమి సేంద్రియంగా మారడానికి రెండేళ్ళు పడుతుంది. ఈలోగా తోట తలుపులు తీసి ఉంచి, కుటుంబాలను వచ్చి చూడమనడమే నమ్మకం.

ఒక్క హెచ్చరిక. విస్తరిద్దామని మీ జిల్లాలోనే ఉన్న గుమ్మా, రాయగడ బ్లాకుల్లో భూమి కోసం వెతకొద్దు. అవి షెడ్యూల్డ్ ప్రాంతం, గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1956 రెగ్యులేషన్ ఉంది. అది ఉండవలసిన చట్టం. ఉన్న ఎకరంన్నర మీకు చాలు.

ఈ జూన్‌లో ఇరవై సెంట్లు అమ్మాయికి అప్పగించండి. మొదటి ఏడాది ఎవరి దగ్గరా ముందస్తు డబ్బు తీసుకోవద్దు. మీ ఇంటికీ, మరో నాలుగు తెలిసిన ఇళ్ళకీ వారం వారం ఇచ్చి, అప్పటికప్పుడే డబ్బు తీసుకోమనండి. ఏ మడిలో ఎప్పుడు విత్తింది, ఏ రోజు ఎన్ని కిలోలు కోసింది నోటుపుస్తకంలో రాయమనండి. వచ్చే వేసవిలో ఆ పుస్తకం, కాలేజీ మార్కులు రెండూ పట్టుకుని మళ్ళీ నాకు రాయండి, ఎన్ని వాటాలతో మొదలుపెట్టాలో అప్పుడు కూర్చుని లెక్క కడదాం.